పేరు పక్కన అంకె: సభ్యుల రేటింగులను న్యాయంగా వాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఆన్‌లైన్‌లో నలుగురు చేరి మాట్లాడుకునే ఏ చోటికి వెళ్ళినా సభ్యుల పేర్ల పక్కన ఏదో ఒక గుర్తు ఉంటుంది. ఒకచోట కర్మ పాయింట్లు, ఒకచోట నక్షత్రాలు, ఇంకోచోట ఆకుపచ్చ గళ్ళు. గుర్తులు వేరైనా గొడవలు మాత్రం అన్నిచోట్లా ఒకటే. "నాకెందుకు మైనస్ కొట్టారు?" "వాళ్ళంతా ఒక జట్టు, ఒకరికొకరు ప్లస్‌లు వేసుకుంటారు." "కొత్తవాళ్ళ మాట ఇక్కడ ఎవరు వింటారు?"

వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. రేటింగును మనం ఎదుటి మనిషికి ఇచ్చే బహుమతిగానో, వేసే శిక్షగానో వాడేస్తాం. దాని అసలు అవసరం మూడో మనిషికి ఉంటుంది. రేపో, ఆరు నెలల తర్వాతో అదే ప్రశ్నతో వచ్చి, అక్కడున్న ఎవరినీ ఎరగక, ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేక తికమకపడే మనిషి ఒకరుంటారు. కింద చెప్పేదంతా ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని చెప్పేదే. ఓటు వేసేవారికి, ఓటు పడ్డవారికి, సమూహాన్ని నడిపే అడ్మిన్లకు విడివిడిగా అడుగులు ఉన్నాయి. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళినా ఫర్వాలేదు, రెండో అడుగు మాత్రం అందరూ చదవండి.

## మొదటి అడుగు: ఆ అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలుసుకోండి

ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్ముకునే, కొనుక్కునే సైటు ఈబేలో 1996 ఫిబ్రవరిలో మొదలైన ఫీడ్‌బ్యాక్ పద్ధతి లావాదేవీకి సంబంధించింది. డబ్బు కట్టాక వస్తువు వచ్చిందా, చెప్పినట్టే ఉందా అన్నదే ప్రశ్న. ప్లస్ ఒకటి, సున్నా, మైనస్ ఒకటి, అంతే. 2008లో మొదలైన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓటు పడేది రాసిన సమాధానానికి. ప్లస్ పడితే రాసినవారికి 10 పాయింట్లు వస్తాయి, మైనస్ పడితే 2 పోతాయి. సమాధానానికి మైనస్ వేసినవారికి కూడా ఒక పాయింటు తగ్గుతుంది. చేతికి వచ్చినట్టు మైనస్‌లు వేసుకుంటూ పోకుండా పెట్టిన చిన్న పన్ను అది. ఇక చర్చల సైటు రెడిట్ మర్యాద నియమాలు చర్చకు పనికొస్తుందా లేదా చూసి ఓటు వేయమంటాయి, మీకు నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టమంటాయి. ఆచరణలో ఏం జరుగుతుందో అక్కడ తిరిగేవాళ్ళందరికీ తెలుసు.

కాబట్టి కొత్త చోట చేరగానే మొదటి వారం ఓటు జోలికి వెళ్ళకుండా కొన్ని సంగతులు కనుక్కోండి. ఓటు మనిషికి పడుతుందా, పోస్టుకు పడుతుందా? వేసినవారి పేరు అవతలివారికి కనిపిస్తుందా? పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకోవచ్చా, ఎంతసేపటిలోగా? మైనస్‌ల వల్ల పోస్టు కనపడకుండా పోతుందా, లేక అంకె మాత్రమే తగ్గుతుందా? మీ ఓటు బరువెంత?

ఈ చివరి ప్రశ్నను ఎక్కువమంది అడగరు. వీబులెటిన్ లాంటి, చర్చా వేదికలు నడిపే పాత సాఫ్ట్‌వేర్లలో చేరి ఎన్నాళ్ళయింది, ఎన్ని పోస్టులు రాశారు, ఎంత పరపతి ఉంది అన్నదాన్ని బట్టి ఓటు బలం పెరిగేలా అమర్చవచ్చు. అలాంటిచోట పాత సభ్యుడు విసుగ్గా నొక్కిన ఒక్క మైనస్, పదిమంది కొత్తవాళ్ళు ఆలోచించి వేసిన ప్లస్‌లను తుడిచేయగలదు. మీ ఓటు అంత బరువైనదని తెలిస్తే వేలు కాస్త ఆలస్యంగా కదులుతుంది.

## రెండో అడుగు: పేరు చూడకుండా చదవండి

ఎవరో ఇలా అడిగారనుకోండి: "నా హార్డ్ డిస్క్ లోంచి టిక్ టిక్ మని శబ్దం వస్తోంది. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయాలి?"

మొదటి జవాబు అందరికీ ఇష్టమైన పాత సభ్యుడిది. "కంగారెందుకు గురూ, కవర్లో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు. నాకు బ్రహ్మాండంగా పనిచేసింది!" చదవగానే నవ్వొస్తుంది, అప్పటికే పదిహేను ప్లస్‌లు పడ్డాయి. రెండో జవాబు కొత్త సభ్యురాలిది, పొడిపొడిగా ఉంది. "వెంటనే ఆపేయండి. రిపేర్ టూల్ ఏదీ నడపొద్దు, అందులో కొత్తగా ఏమీ సేవ్ చేయొద్దు. శబ్దం వస్తోందంటే లోపలి భాగాలు దెబ్బతిని ఉండొచ్చు. ఫొటోలు ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్ళకు ఇవ్వడం మేలు." దీనికి సున్నా.

ఫ్రీజర్‌లోంచి తీసిన డిస్క్‌లో తేమ పడుతుంది. ఆ తేమతోనే డేటా ఉండే లోపలి పళ్ళేలు తిరిగితే మిగిలి ఉన్న ఫొటోలు కూడా పోయే ప్రమాదం ఉంది. అంటే ప్లస్ పడాల్సింది రెండోదానికి, మైనస్ పడాల్సింది మొదటిదానికి. మొదటాయన మంచివాడే, నిన్ననే మీకు ఏదో సాయం చేశాడు కూడా. అయినా ఆ పోస్టుకు మైనస్ వేయాలి. మొహం చూసి బొట్టు పెట్టడం అలవాటైతే ఆర్నెల్ల తర్వాత ఇలాంటి శబ్దమే విని పరిగెత్తుకొచ్చినవారు ఆ పదిహేను ప్లస్‌లు చూసి ఫ్రీజర్ తలుపు తీస్తారు.

పేరుతో పాటు, అప్పటికే పడిన ఓట్లు కూడా మనల్ని తోస్తాయి. లెవ్ ముచ్నిక్, సినన్ ఆరల్, షాన్ టేలర్ 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో ఒక వెబ్‌సైట్‌లోని లక్షకు పైగా కామెంట్లను తీసుకుని, కొన్నిటికి రాయగానే ఏ కారణం లేకుండా ఒక ప్లస్, మరికొన్నిటికి ఒక మైనస్ వేశారు. దొంగ ప్లస్ పడ్డ కామెంటును చూసిన మొదటి వ్యక్తి తానూ ప్లస్ వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ కామెంట్ల స్కోరు సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. దొంగ మైనస్ వేసిన కామెంట్లను మాత్రం జనం తర్వాత సరిదిద్దేశారు. అన్యాయంగా పడ్డ మైనస్ జాలి పుట్టిస్తుంది. అన్యాయంగా పడ్డ ప్లస్ ఎవరి కంటికీ ఆనదు.

కనుక క్రమం ఇలా పెట్టుకోండి. పోస్టు చివరిదాకా చదవండి, లింకు ఇస్తే తెరిచి చూడండి. పేరు, స్కోరు తెర పైభాగంలో ఉంటే స్క్రోల్ చేసి అవి కనపడకుండా చదవండి. ఇదే మాట మీకు సరిపడనివారు రాసి ఉంటే ఏం చేసేవారో ఒక్క క్షణం అనుకోండి. విషయం మీకు తెలియనిదైతే ఓటే వేయకండి. ఓటు వేయకుండా వదిలేయడం తప్పేమీ కాదు, చాలాసార్లు అదే సరైన పని.

## మూడో అడుగు: మైనస్ వేసే ముందు మాటతో ప్రయత్నించండి

మైనస్‌కు తగినవి ఏవో నా లెక్కలో తక్కువే: తప్పు సమాచారం, హాని చేసే సలహా, వేరేవారి మాటను సొంతమన్నట్టు పెట్టడం, చర్చను కావాలని పాడుచేయడం, అమ్మకం జరిగాక మాట తప్పడం. బూతులు, బెదిరింపులు ఈ జాబితాలో లేవు. వాటికి మైనస్ వేసి ఊరుకోకూడదు, చర్చలను పర్యవేక్షించే మోడరేటర్‌కు రిపోర్ట్ చేయాలి. రేటింగు పోలీసు పని చేయలేదు.

మైనస్‌కు తగనివి మాత్రం బోలెడు. అభిప్రాయం నచ్చకపోవడం, భాషలో తప్పులు, ముందే ఎవరో అడిగేసిన ప్రశ్న మళ్ళీ అడగడం, నిన్న ఇంకో చర్చలో మీతో వాదించడం, మీకు గిట్టనివారితో స్నేహంగా ఉండడం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి మైనస్ బటన్ అంత అనువైనది ఇంకోటి లేదు. కోపంగా ఉన్నప్పుడు నొక్కాలనిపిస్తే ఆ ట్యాబ్ మూసేసి మర్నాడు చూడండి. పోస్టు ఎక్కడికీ పోదు.

మైనస్ వల్ల మనిషి మారతాడన్న ఆశ కూడా అంత నిజం కాదు. పరిశోధకులు జస్టిన్ చెంగ్, క్రిస్టియన్ డానెస్కు నికులెస్కు మిజిల్, యూరె లెస్కోవెక్ 2014లో వార్తల సైట్ల కింద సాగే వ్యాఖ్యల సమూహాలు నాలుగింటిని పరిశీలించారు. ప్రతికూల ఓట్లు పడ్డవారు రాయడం తగ్గించలేదు సరికదా ఇంకా ఎక్కువ రాశారు, రాత నాణ్యత ఇంకా పడిపోయింది, ఇతరులకు వాళ్ళు వేసే ఓట్లు కూడా ప్రతికూలంగా మారాయి. సమూహం వదిలి వెళ్ళే అవకాశం ఎక్కువ ఉన్నది ఏ స్పందనా రానివారే. రెచ్చగొట్టడానికే వచ్చినవారి దగ్గర మౌనం మైనస్ కంటే బాగా పనిచేస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. అదే మౌనం మంచి కొత్త సభ్యులను కూడా పంపించేస్తుంది, ఆ సంగతి తర్వాతి అడుగులో చూద్దాం.

కాబట్టి మంచి ఉద్దేశంతో రాసిన తప్పుకు ముందు జవాబు రాయండి. వారు సవరిస్తే మైనస్ అవసరమే ఉండదు. సవరించకపోతే, అది మూడో మనిషికి హాని చేసేదైతే, అప్పుడు వేయండి. కారణం రాసే వీలుంటే ఖాళీగా వదలొద్దు. కారణం ఎలా ఉండాలో ఫ్రీజర్ ఉదాహరణతోనే చూడండి:

పనికిరానిది: "చెత్త సలహా. తెలియకపోతే నోరు మూసుకోవచ్చుగా."

పనికొచ్చేది: "ఫ్రీజర్ నుంచి తీశాక డిస్క్‌లో తేమ పడుతుంది, ఉన్న డేటా కూడా పోవచ్చు. ఈ హెచ్చరిక చేరిస్తే మైనస్ తీసేస్తాను."

రెండోదాంట్లో మనిషి ప్రస్తావనే లేదు. తప్పు ఏమిటో ఉంది, ఏం చేస్తే సరిపోతుందో ఉంది. మాట ఇచ్చారు కాబట్టి, సవరించాక తిరిగి వెళ్ళి మైనస్ తీసేయడం మర్చిపోకండి. ఇక్కడే చాలామంది జారిపోతారు. తప్పు దిద్దుకున్నా ఎర్ర అంకె అలాగే ఉంటే ఇంకోసారి దిద్దుకోవాలని ఎవరికనిపిస్తుంది?

ఇంకొక గట్టి నియమం. ఒకరి పోస్టు నచ్చలేదని వారి ప్రొఫైల్ తెరిచి పాత పోస్టులన్నిటికీ వరసగా మైనస్‌లు వేయడం ఏ పరిస్థితిలోనూ న్యాయం కాదు, ఆ పోస్టులు నిజంగానే బాగాలేకపోయినా సరే. మీరు అక్కడికి వెళ్ళింది చదవడానికి కాదు కదా.

## నాలుగో అడుగు: ప్లస్ ఇవ్వడంలో మొహమాటం తగ్గించండి

మైనస్‌ల గురించి పెద్ద చర్చలు జరుగుతాయి గానీ రేటింగులను ఎక్కువగా పాడుచేసేది మొహమాటపు ప్లస్సే. పరిశోధకులు పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ 1999 నాటి ఈబే లావాదేవీలను పరిశీలిస్తే కొన్నవారిలో దాదాపు సగం మంది ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు, ఇచ్చినవాటిలో 99 శాతానికి పైగా మెచ్చుకోళ్ళే. అంత మంచి జనమా అని సంబరపడక్కర్లేదు. అసంతృప్తి ఉన్నవారిలో చాలామంది ఊరుకుని ఉంటారు, ఎదురు మైనస్ పడుతుందన్న భయమూ ఉండే ఉంటుంది. కొన్నవారు ఇచ్చిన ఫీడ్‌బ్యాక్, అమ్మినవారు ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ బాగా పోలి ఉండటం వాళ్ళు గమనించారు. నువ్వు పొగిడితే నేనూ పొగుడుతాను, నువ్వు తిడితే నేనూ తిడతాను అన్న లెక్క అది. అందరికీ 99 ఉంటే 97 ఉన్నవాడు దొంగలా కనిపిస్తాడు.

ధన్యవాదాలు చెప్పడానికి ప్లస్ వాడకండి. థాంక్స్ అని ఒక మాట రాస్తే సరిపోతుంది. సమాధానం మీకు పనిచేసిందని తేలాక ప్లస్ వేయండి, వీలైతే ఎలా పనిచేసిందో ఒక వాక్యం రాయండి. ప్లస్ కంటే ఆ వాక్యమే తర్వాత వచ్చేవారికి ఎక్కువ పనికొస్తుంది.

ఒకరికే పదే పదే వేస్తున్నారేమో చూసుకోండి. వీబులెటిన్‌లో ఒకరికి పరపతి పాయింట్లు ఇచ్చాక వెంటనే మళ్ళీ వారికే ఇవ్వబోతే, ముందు ఇంకొందరికి పంచి రమ్మని సందేశం వచ్చి ఆగిపోతుంది. ఆ సందేశం చూసి విసుక్కోని సభ్యులు ఉండరు. నాకు మాత్రం ఆ నియమం చాలా తెలివైనదనిపిస్తుంది. మీరు ఉన్నచోట అది లేకపోతే సొంతంగా పెట్టుకోండి. ఎవరికైనా రెండోసారి ప్లస్ వేసే ముందు, ఇంతవరకు ఒక్క ఓటూ పడని మంచి పోస్టు ఎక్కడైనా ఉందా అని వెతకండి. ఆలస్యంగా వచ్చిన జవాబులు, పాత చర్చల్లో ఎవరూ చూడకపోయినా లింకులు సరిచేసేవారు, కొత్తవారి తొలి పోస్టులు: ఇవి దాదాపు ఎప్పుడూ తక్కువ రేటింగుతోనే మిగిలిపోతాయి. స్పందన రానివారే వెళ్ళిపోతారని పైన చూశాం కదా, కొత్తవారి మొదటి మంచి పోస్టుకు పడే ఒక్క ప్లస్ విలువ, పెద్దాయన పోస్టుకు పడే నూట ఒకటో ప్లస్ కంటే చాలా ఎక్కువ.

"నాకు వేస్తే నీకు వేస్తాను" అనే ఒప్పందాల గురించి ఒకే మాట: వద్దు. ప్రైవేటు గ్రూపులో "నా పోస్టు చూడండి" అని లింకు పెట్టడం కూడా అదే కోవలోకి వస్తుంది. అడగకపోయినా, వచ్చినవారు ఏం చేస్తారో పెట్టినవారికి తెలుసు.

## ఐదో అడుగు: మీకే మైనస్ పడితే

కాస్త టెన్షన్ రావడం సహజం. వచ్చిన వెంటనే జవాబు రాయకండి.

ముందు ఆ పోస్టును మీది కాదన్నట్టు చదవండి. తప్పు కనిపిస్తే సవరించి, ఏం సవరించారో పోస్టులోనే ఒక ముక్క రాయండి. గుట్టుచప్పుడు కాకుండా మారిస్తే కింద ఉన్న జవాబులు అర్థం లేనివిగా మిగిలిపోతాయి. తప్పు కనపడకపోతే ఒకే ఒక్కసారి, మర్యాదగా అడగవచ్చు: "ఇక్కడ ఏది సరికాదో చెబితే సవరిస్తాను." జవాబు రాకపోతే వదిలేయండి. ఎవరు వేశారో కనిపెట్టే ప్రయత్నం మొదలుపెట్టారా, ఇక ఆ రోజంతా దానికే పోతుంది.

ఒక మైనస్ అన్నది ఏమీ కాదు. వరసగా పడటం మాత్రం వేరు. పది నిమిషాల్లో ఒకదానితో ఒకటి సంబంధంలేని మీ పాత పోస్టులకు మైనస్‌లు పడ్డాయంటే అది మీ మీద కక్షే. అప్పుడు కూడా బహిరంగంగా పేర్లు పెట్టి నిందించకండి. ఏయే పోస్టులు, ఏ రోజు, ఏ సమయంలో అన్నది రాసుకుని మోడరేటర్‌కు పంపండి. అనుమానం ఎవరి మీదో చెప్పక్కర్లేదు, ఓట్లు ఎవరివో కొన్నిచోట్ల వాళ్ళే చూడగలరు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇలాంటి వరస ఓట్లను గుర్తించి రద్దు చేసే ప్రోగ్రాం రోజూ నడుస్తుంది, అక్కడైతే ఒక రోజు ఆగి చూడటమే మంచిది.

ఎదురు మైనస్ మాత్రం వేయొద్దు. వేశారంటే మీ ఫిర్యాదుకు విలువ పోతుంది.

## ఆరో అడుగు: ఎదుటివారి అంకెను చదివే పద్ధతి

రేటింగు ఇవ్వడంలో ఎంత న్యాయం కావాలో, చదవడంలోనూ అంతే కావాలి.

మొదట ఎన్ని ఓట్ల మీద వచ్చిన అంకె అన్నది చూడండి. ఒకరికి పదికి పది ప్లస్‌లు, అంటే 100 శాతం. ఇంకొకరికి వందకు తొంభై, అంటే 90 శాతం. ఎవరిని ఎక్కువ నమ్మాలి? ఈ చిక్కుకు గణితంలో ఎడ్విన్ విల్సన్ 1927లోనే దారి చూపాడు. ఉన్న ఓట్లను బట్టి అసలు మెచ్చుకోలు శాతం తక్కువలో తక్కువ ఎంత ఉండొచ్చో ఆ సూత్రం చెబుతుంది. రేటింగులను క్రమంలో పెట్టడానికి దీన్ని వాడమని ఇవాన్ మిల్లర్ 2009లో రాశాడు, అదే ఏడాది రెడిట్ తన కామెంట్ల క్రమానికి వాడింది. మైనస్ ఒక్కటీ లేనివారికి లెక్క చాలా తేలిక. ప్లస్‌ల సంఖ్యను, ఆ సంఖ్యకు 3.84 కలిపిన మొత్తంతో భాగించండి. ఒకే ప్లస్ ఉంటే సుమారు 21 శాతం వస్తుంది, పదికి పది ఉంటే 72, వందకు వంద ఉంటే 96. వందకు తొంభై వచ్చినవారికి పూర్తి సూత్రంతో చేస్తే దాదాపు 83 వస్తుంది. కాబట్టి పదికి పది కంటే వందకు తొంభైనే ఎక్కువ నమ్మకం ఇస్తుంది. ప్రతిసారీ లెక్క కట్టక్కర్లేదు, కొద్ది ఓట్ల మీద వచ్చిన నూటికి నూరును చూసి మురిసిపోకపోతే చాలు.

తర్వాత ఆ పేరు ఏ విషయంలో వచ్చిందో చూడండి. కెమెరాల గురించి వెయ్యి మంచి జవాబులు రాసినవారు మందుల గురించి చెప్పే మాటకు ఆ వెయ్యీ పూచీ కావు. అమ్మకాలు జరిగేచోట అయితే చిన్న చిన్న వస్తువులతో పేరు తెచ్చుకుని, ఒక్క ఖరీదైన వస్తువుతో మాయమయ్యేవారు ఉంటారు. అంకె చూసి ఊరుకోకుండా ఆ ప్లస్‌లు ఎలాంటి వస్తువులకు, ఎంతకాలంలో పడ్డాయో తెరిచి చూడండి.

మంచి పేరుకు మార్కెట్లో విలువ ఉందన్నది ఊహ కాదు. రెస్నిక్, జెక్‌హౌజర్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అమ్మకందారు ఒకేలాంటి పాత పోస్ట్‌కార్డులను తన పేరున్న ఖాతా నుంచి, కొత్త ఖాతాల నుంచి ఈబేలో అమ్మాడు. పేరున్న ఖాతాకు ధర సుమారు 8 శాతం ఎక్కువ పలికింది. అమ్మింది ఒకే మనిషి! కొత్త ఖాతా అంటే చెడ్డ ఖాతా కాదు, ఇంకా తెలియని ఖాతా అంతే. చిన్న వ్యవహారంతో మొదలుపెట్టి చూడండి.

## ఏడో అడుగు: అడ్మిన్లు, మోడరేటర్లు చేయాల్సింది

సభ్యులు ఎంత మంచివారైనా నియమాలు వంకరగా ఉంటే ఫలితం వంకరగానే వస్తుంది.

అన్నిటికన్నా ముందు ఓటుకు కారణం జత చేయండి. 1997లో మొదలైన టెక్నాలజీ వార్తల సైటు స్లాష్‌డాట్‌లో ప్లస్ అయినా మైనస్ అయినా ఊరికే వేయడం కుదరదు. లోతైనది, సరదాగా ఉంది, విషయానికి సంబంధం లేదు, రెచ్చగొట్టేది లాంటి ముద్రల్లో ఒకటి ఎంచుకోవాలి. "నాకు నచ్చలేదు" అన్న ముద్ర ఆ జాబితాలో ఉండదు, కిటుకంతా అక్కడే ఉంది. అక్కడ ఓటు హక్కు కూడా అందరికీ ఎప్పుడూ ఉండదు. కొందరికి అప్పుడప్పుడు ఐదు పాయింట్లు ఇస్తారు, మూడు రోజుల్లో వాడకపోతే పోతాయి, తాము మాట్లాడిన చర్చలో వాడటానికి వీల్లేదు. వాదించేవారే తీర్పరులు కాకుండా ఆపే ఈ చివరి నియమాన్ని ఏ చిన్న సమూహమైనా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. వేసిన ఓట్లు న్యాయంగా ఉన్నాయా అని వేరే సభ్యులతో తనిఖీ చేయించే పద్ధతిని కూడా 1999లోనే వాళ్ళు తెచ్చారు.

ఇద్దరూ ఒకరికొకరు రేటింగు ఇచ్చుకునే చోట ప్రతీకార భయం తీసేయండి. దీనికి రెండు దారులున్నాయి. ఈబే 2008లో అమ్మేవారు కొనేవారికి మైనస్ గానీ సున్నా గానీ ఇచ్చే హక్కు తీసేసింది. ప్రయాణికులకు ఇళ్ళు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఇంకో దారి పట్టింది. ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజుల గడువు అయిపోయేదాకా ఎవరి సమీక్షా ఎవరికీ చూపించదు. నాకైతే రెండోదే న్యాయంగా కనిపిస్తుంది. మొదటిది ఒక పక్షం నోరు కట్టేసింది, రెండోది ఇద్దరికీ మాట్లాడే వీలిచ్చి బెదిరింపును మాత్రమే తీసేసింది.

స్కోరు కొంతసేపు దాచండి. కొత్త పోస్టు మీద మొదటి కొన్ని గంటలు అంకె కనపడకపోతే రెండో అడుగులో చెప్పిన దొంగ ప్లస్ ప్రభావం చాలావరకు తగ్గుతుంది. టెక్నాలజీ చర్చల సైటు హ్యాకర్ న్యూస్ అయితే 2011 నుంచి ఇతరుల కామెంట్ల పాయింట్లు చూపించడమే మానేసింది. యూట్యూబ్ 2021 నవంబరులో డిస్‌లైక్‌ల సంఖ్య దాచింది. గుంపుగా వచ్చి డిస్‌లైక్‌లు కొట్టే దాడులు తగ్గించడానికి అని చెప్పింది. అయితే వీడియోలో చెప్పేది తప్పో ఒప్పో తెలుసుకోవడానికి చూసేవారికి ఉన్న ఒక ఆధారం కూడా దాంతో పోయింది. మన మూడో మనిషి కోణంలో చూస్తే కొంతసేపు దాచడం మంచిది, శాశ్వతంగా దాచడం నష్టం.

కొద్ది ఓట్లతో ఎవరూ జాబితా పైకి ఎక్కకుండా చూడండి. నక్షత్రాల పద్ధతి ఉంటే ఒక చిట్కా ఉంది. ప్రతి సభ్యుడికీ సమూహం సగటుతో పది ఊహా ఓట్లు ముందే కలపండి. సమూహం సగటు 4 అనుకుందాం, అంటే ఊహా ఓట్ల మొత్తం 40. రెండే ఓట్లు, రెండూ 5 వచ్చినవారికి 40కి 10 కలిపి 12తో భాగిస్తే 4.17 వస్తుంది. 60 ఓట్లతో 4.6 సగటు ఉన్నవారికి 40కి 276 కలిపి 70తో భాగిస్తే 4.51. నిలకడగా పనిచేసినవారే ముందుంటారు, కొత్తవారు కూడా పాతాళంలో ఉండరు.

దొంగ ఖాతాల బెడద ఎప్పటికీ ఉండేదే. ఒకే మనిషి వంద ముసుగులు వేసుకుని వచ్చే ఈ దాడికి జాన్ డౌసర్ 2002 నాటి పరిశోధన పత్రం తర్వాత సిబిల్ అటాక్ అన్న పేరు స్థిరపడింది. కొత్త ఖాతాలకు చదివే, రాసే వీలు వెంటనే ఇచ్చి, ఓటు వీలు కాస్త ఆలస్యంగా ఇవ్వడం తేలికైన కాపలా. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్లస్ వేయడానికి 15 పాయింట్లు కావాలి, మైనస్‌కు 125. మైనస్ గడప ఎత్తుగా ఉండటం గమనించండి. చర్చా వేదికలు నడిపే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్‌లో నమ్మకం మెట్లు సున్నా నుంచి 4 దాకా ఉంటాయి. మొదటి మెట్టు ఎక్కడానికి ఓట్లే అవసరం లేదు, కొన్ని చర్చలు తెరిచి, 30 పోస్టులు, పది నిమిషాలు చదివితే చాలు. పొగడ్తలు పోగేసుకోకపోయినా శ్రద్ధగా చదివేవారు ముందుకు వెళ్ళగలరు కాబట్టి నాకు ఆ ఆలోచన నచ్చుతుంది. గడప మరీ ఎత్తు పెడితే పాతవాళ్ళ కోటరీ తయారవుతుంది, అదీ చూసుకోవాలి.

పాయింట్లకు పరిమితి కూడా పెట్టండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓట్ల ద్వారా ఒక రోజులో 200 పాయింట్లకు మించి రావు. స్లాష్‌డాట్ కర్మ అనే సభ్యుల స్కోరుకు 50 దగ్గర కళ్ళెం వేసి, ఆ తర్వాత అంకె చూపించడమే మానేసి మంచి, చాలా మంచి లాంటి మాటల్లోకి మార్చింది. అంకె పోగానే అంకె కోసం ఆడే ఆట కూడా చాలావరకు పోతుంది. నెలవారీ టాప్ టెన్ జాబితాలు పెట్టాలన్న ఉబలాటం ఉంటే ఆపుకోండి. ఆ జాబితా కోసం తేలికపాటి జోకులు, చిన్న చిన్న జవాబులు వందల్లో వచ్చి పడతాయి, ఒక పూటంతా కూర్చుని వివరంగా రాసేవారు అందులో ఎక్కడా కనపడరు.

చివరిగా, అప్పీలుకు చోటుండాలి. మోడరేటర్ ఒక ఓటు రద్దు చేసినా, ఒకరి ఓటు హక్కు ఆపేసినా, కారణం ఆ సభ్యుడికి రాతపూర్వకంగా చెప్పి, వేరే మోడరేటర్‌తో మళ్ళీ చూపించాలి. తన పోస్టుకు పడ్డ మైనస్ విషయంలో మోడరేటర్ తానే నిర్ణయం తీసుకోకూడదు. మోడరేటర్లకు ఓట్లు ఎవరివో కనిపించేచోట, ఫిర్యాదు లేకుండా ఆ వివరాలు తెరవకూడదన్న నియమం కూడా ఉండాలి.

## ఎనిమిదో అడుగు: నియమాలు మధ్యలో మార్చాల్సి వస్తే

మార్చక తప్పదు, ఏ పద్ధతీ మొదటిసారే సరిగ్గా కుదరదు. కానీ సభ్యులు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదాన్ని ఒక రాత్రి తారుమారు చేస్తే సమూహం పగిలిపోతుంది. మార్పు ఏమిటి, ఎప్పటి నుంచి, పాత పాయింట్లు ఏమవుతాయి అన్న మూడింటినీ ముందే ప్రకటించి, అభ్యంతరాలకు కొన్ని వారాలు ఇవ్వండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2019 నవంబరులో ప్రశ్నకు పడే ప్లస్ విలువను 5 నుంచి 10కి పెంచినప్పుడు పాత ప్రశ్నలకు కూడా వర్తింపజేసి అందరి మొత్తాలనూ తిరిగి లెక్కించింది. అలా తిరిగి లెక్కించాలంటే ఒక్కొక్క ఓటూ తేదీతో సహా భద్రంగా ఉండాలి. మొత్తం అంకె ఒక్కటే దాచుకునే సాఫ్ట్‌వేర్‌తో ఆ పని సాధ్యం కాదు, కాబట్టి ఎంచుకునేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

ఖాతా మూసేసి వెళ్ళిపోయేవారి ఓట్ల సంగతి కూడా అదే ప్రకటనలో రాసిపెట్టండి. మామూలుగా వెళ్ళినవారి ఓట్లు ఉంచేయడం, దొంగ ఖాతా అని తేలినవాటివి వెనక్కి తీసేయడం సబబు. తీసేసినప్పుడు ఆ మేరకు పాయింట్లు తగ్గినవారికి ఒక చిన్న సందేశం పంపండి: "ఫలానా కారణంతో కొన్ని ఓట్లు రద్దయ్యాయి, ఇందులో మీ పొరపాటేమీ లేదు."